మనసు గట్టిదైతే చాలు

ఆసుపత్రి లాండ్రీలో బాయిలర్ చూసే మనిషి తాగుతాడని ఆ ఆవరణలో తెలియనివాళ్లు లేరు. తెలిసినా ఎవరూ నోరెత్తేవారు కాదు. పనిలో తేడా రానివ్వని మనిషి మరి. వార్డుల నుంచి దిగే పక్కబట్టలు, దుప్పట్లు, ఆపరేషన్ గదుల ఆకుపచ్చ గౌన్లు, అన్నీ అతను పంపే ఆవిరితోనే ఉడికేవి, ఆరేవి, ఇస్త్రీ అయ్యేవి. బాయిలర్ పక్కన ఇనప కుర్చీ వేసుకుని, ప్రెషర్ ముల్లు మీద ఒక కన్ను, నీటి మట్టం చూపించే గాజు గొట్టం మీద ఒక కన్ను వేసి ఉంచేవాడు. టీ ఫ్లాస్కు కాళ్ల దగ్గర పెట్టుకునేవాడు. అందులో ఉండేది టీ కాదు.

గోడకి అవతల పెద్ద ఇస్త్రీ రోలర్ దగ్గర అతని బావమరిది పనిచేసేవాడు. భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. పెళ్లాం పిల్లలు లేరు, పక్క వీధిలో ఒంటిగది. తడి దుప్పటిని రెండు చేతులా విదిలించి రోలర్ కిందికి పంపడంలో వాడిని మించినవాడు లేడు. నవ్వించడంలోనూ అంతే. వాడుంటే లాండ్రీలో ఆడవాళ్లకి పొద్దు తెలిసేది కాదు. బావా బావమరుదులిద్దరూ ఒకేసారి పని దిగేవారు, మందు కొట్లో ఒకే బల్ల దగ్గర కూర్చునేవారు, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని ఇల్లు చేరేవారు. "మా అక్కని నీకిచ్చింది ఎందుకనుకున్నావు బావా? నాకు తోడు దొరుకుతుందనే" అనేవాడు వాడు. అక్క వినీ విననట్టు కంచాలు పెట్టేది.

ఒకనాటి మధ్యాహ్నం బాయిలర్ మనిషికి కుర్చీలోనే కన్ను మూతపడింది. బాయిలర్‌లోకి నీళ్లు తోసే ఫీడ్ పంపు ఎప్పుడు ఆగిపోయిందో తెలియదు. గాజు గొట్టంలో నీళ్లు అడుక్కి జారిపోయాయి. లోపల మంట మాత్రం భగభగ మండుతూనే ఉంది. అటుగా ఏదో పని మీద వచ్చిన సూపర్‌వైజర్ చూశాడు కాబట్టి సరిపోయింది. పరుగున వెళ్లి మంట ఆపించి, చల్లారేదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. ఇంకాసేపు అలాగే వదిలేసి ఉంటే బాయిలర్ పేలి, గోడకి అవతల రోలర్ దగ్గర ఉన్న ఒక్కరూ మిగిలేవారు కాదు. ఆ సంగతి అందరికన్నా బాగా తెలిసిన మనిషి కుర్చీలో కూర్చుని కళ్లు నులుముకుంటున్నాడు.

సూపర్‌వైజర్ కేకలు వేయలేదు. ఫ్లాస్కు మూత తీసి వాసన చూసి మళ్లీ పెట్టేశాడు.

"నీ వయసుకి నేను మర్యాద ఇచ్చాను. నువ్వు నాకేమిచ్చావు?" అన్నాడు. "తాగుడు మానేవాళ్లు కలుసుకునే చోటొకటి ఉందట. మన నర్సమ్మకి తెలుసు. వెళ్తావో, ఇక రావడమే మానేస్తావో, నీ ఇష్టం."

అతనికి తల కొట్టేసినట్టయింది. ఎవరి ముఖమూ చూడకుండా బయటికి నడిచాడు. వెనక బావమరిది గొంతు వినిపిస్తూనే ఉంది. "ఏం కాలేదుగా! బాయిలర్ కూడా కాసేపు కునుకు తీసిందంతే!" ఈసారి ఎవరూ నవ్వలేదు.

నర్సమ్మ చెప్పిన గుర్తు ఆసుపత్రి వెనక వీధిలోని లైబ్రరీ. సాయంత్రం చొక్కా మార్చుకుని, నోట్లో లవంగం వేసుకుని బయల్దేరాడు. లైబ్రరీ ముందు రెండుసార్లు అటూ ఇటూ తిరిగాడు. లోపలికి పోతే ఎవరైనా చూస్తారేమో, పోకపోతే ఉద్యోగం పోతుందేమో. చివరికి కింది హాల్లో కుర్చీలు గుండ్రంగా వేసి మనుషులు కూర్చుని ఉండడం చూసి, తల దించుకుని వెళ్లి చివరి కుర్చీలో కూర్చున్నాడు.

పక్కనే ఉన్న పెద్దాయన ఆప్యాయంగా జరిగి చోటిచ్చాడు.

"కొత్తగా వచ్చారా? సిగ్గుపడకండి, ఇక్కడ అందరిదీ ఒకటే బాధ. ఎన్నాళ్లుగా ఉంది మీకు?"

"పెళ్లికి ముందు నుంచేనండి."

"అయ్యో, చిన్నతనంలోనే పట్టుకుందే! ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"మా నాన్నకి ఉండేది."

"వంశంలో ఉంటే అంతే. రోజూ వేసుకోవాల్సిందేనా?"

"వేసుకోవాల్సిందేనండి. ఇదివరకు సాయంత్రం మాత్రమే. ఇప్పుడు పొద్దున కూడా పడాలి, లేకపోతే చేతులు వణుకుతాయి."

"భోజనానికి ముందా, తర్వాతా?"

"ముందేనండి. తర్వాతైతే ఎక్కదు."

పెద్దాయన కనుబొమలు ముడిచాడు. "ఎక్కడమేమిటండీ? మీరు చెప్పేది ఇన్సులిన్ గురించేనా?"

అది చక్కెర జబ్బు వాళ్ల సమావేశం. గది గదంతా నవ్వింది. ఎగతాళి నవ్వు కాదు గానీ, అతనికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. పెద్దాయనే లేచి గుమ్మం దాకా వచ్చి మెట్లు చూపించాడు. "మీవాళ్లు మేడ మీద. వెళ్లండి బాబూ, ఇంత దూరం వచ్చాక వెనక్కి పోకండి." ఆ మాట అనకపోయి ఉంటే అతను వీధిలోకే నడిచేవాడు.

మేడ మీది గదిలో పాత పేపర్ల కట్టలు గోడవారగా పేర్చి ఉన్నాయి. ఆరేడుగురు కూర్చుని ఉన్నారు. అందరికీ మధ్యలో నెరిసిన జుట్టు, ఇస్త్రీ చీర, మెడలో కళ్లజోడు గొలుసుతో ఒకావిడ. మొగుడి కోసం వచ్చి ఉంటుంది పాపం అనుకున్నాడు. అతని చూపు ఆవిడకి అర్థమైంది.

"నేనూ తాగినదాన్నే నాయనా. పిల్లల వైపు వీపు పెట్టి, బోర్డు తుడుస్తున్నట్టు నిలబడి తాగేదాన్ని" అంది. అక్కడ అందరూ ఆవిడని టీచరమ్మ అనేవారు.

అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. బస్సు డ్రైవరొకాయన తన సంగతి చెప్పుకున్నాడు. ఇంకొకాయన ఏమీ చెప్పకుండా ఏడ్చి కూర్చున్నాడు. లేచేముందు టీచరమ్మ అతన్ని పక్కకి పిలిచి చేతులు చూపించమంది. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి.

"ఈ ఉత్సాహంలో ఇంటికెళ్లి ఒక్కసారిగా మానేసేవు. ఆ పని మాత్రం చేయకు. నీలా ఏళ్ల తరబడి తాగిన ఒళ్లు ఊరుకోదు, ఎదురు తిరుగుతుంది. ఫిట్లు వస్తాయి, లేనివి కనిపిస్తాయి, ప్రాణం మీదికి వస్తుంది. ముందు డాక్టరు, ఆ తర్వాతే మేము. అర్థమైందా?"

అర్థమైంది. మర్నాడే తను పనిచేసే ఆసుపత్రిలోనే పై అంతస్తు డాక్టర్ని కలిశాడు. ఆయన వెంటనే చేర్చుకున్నాడు. ఆ తర్వాతి రోజులు అతనికి తెగిన ముక్కల్లా గుర్తున్నాయి. గోడ మీంచి దిగి వస్తున్న చీమలు, చెవిలో ఎవరో పిలుస్తున్న కేకలు, మంచానికి కట్టేసిన తన చేతులు, తడిసిన పక్కబట్టలు. ఆ పక్కబట్టలు కిందికి, లాండ్రీకే పోతాయని, బావమరిది చేతుల్లోంచే రోలర్ కిందికి వెళ్తాయని తెలివి వచ్చాక తట్టింది. సిగ్గుతో గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఇంట్లో మాత్రం కడుపు పరీక్షలకి ఉంచుకున్నారనీ, చూడ్డానికి ఎవరినీ రానివ్వరనీ కబురు పంపాడు. సెలైన్లు, మాత్రలు, చేతులు కట్టేయడం, ఏదీ చెప్పలేదు. ఇంటికి వచ్చాక కూడా మాత్రల సీసాని బాయిలర్ గదిలో పనిముట్ల పెట్టెలోనే ఉంచి అక్కడే వేసుకునేవాడు. అబద్ధం ఆడాలని ముందే అనుకున్నది కాదు. మానేసి ఇంట్లో అడుగుపెట్టిన రోజు భార్య అతని ముఖంలోకి తేరిపార చూసి, "ఎలా మానగలిగారండీ?" అంది. పెళ్లయిన కొత్తలో చూసిన చూపు అది. అతని నోటి నుంచి మాట దానంతటదే వచ్చింది.

"ఏముంది? మనసు గట్టిదైతే చాలు."

ఆ మాట ఆమె మురిసిపోతూ అమ్మలక్కలందరికీ చెప్పింది. వింటున్నకొద్దీ అతనికీ అదే నిజమనిపించసాగింది. ఉద్యోగం నిలబడింది. సూపర్‌వైజర్ భుజం తట్టాడు. వారం వారం మేడ మెట్లు ఎక్కేవాడు. వణుకు పోయింది, ఆకలి వచ్చింది. నడకలో ఠీవి కూడా వచ్చింది.

బావమరిది ఒక్కడే మిగిలిపోయాడు. బల్ల దగ్గర ఎదుటి కుర్చీ ఖాళీ అయింది. మొదట్లో వేళాకోళం చేశాడు. "మా బావ సన్యాసం పుచ్చుకున్నాడు, ఇక మా అక్క గతేంటో" అని లాండ్రీ అంతా చాటాడు. తర్వాత వేళాకోళం తగ్గింది. మధ్యాహ్నాలు కూడా వాడి దగ్గర వాసన వచ్చేది. ఒకసారి రోలర్ అంచుకి ముంజేయి కాల్చుకున్నాడు.

"వాణ్ణి కూడా తీసుకెళ్లండి. మీ మాటైతే వింటాడు" అని భార్య రోజూ పోరేది.

తీసుకెళ్లాడు. ఆ సాయంత్రం బావమరిది నున్నగా తల దువ్వుకుని వచ్చాడు. మేడ మీద కూర్చున్నంతసేపూ అందరినీ నవ్వించాడు. మందు తాగితే తిడతారు, మందు వేసుకోకపోతే తిడతారు, ఒకే పేరు రెండింటికీ పెట్టి మనుషుల్ని చంపుతున్నారన్నాడు. ఎప్పుడూ ఏడ్చే ఆయన కూడా నవ్వాడు. టీచరమ్మ మాత్రం వాడి కళ్లలోకి చూస్తూ, "మళ్లీ రా నాయనా, వచ్చేవారం నీతో విడిగా మాట్లాడాలి" అంది.

"వస్తానమ్మా" అన్నాడు. రాలేదు. తనని చూసి బావ సిగ్గుపడ్డాడని వాడికి తెలిసిపోయింది. నిజమే, వాడు నోరు విప్పినప్పుడల్లా అతను నేల చూపులు చూశాడు.

ఆ తర్వాత ఒక ఆదివారం బావమరిది భోజనానికి వచ్చాడు. గుమ్మంలోనే తూలి, అక్క కొత్తగా కొనుక్కున్న అద్దం మీద పడ్డాడు. అద్దం ముక్కలైంది. అక్క చీపురు పట్టుకుని ముక్కలు ఊడుస్తోంది. వాడు నవ్వబోయాడు. బాయిలర్ మనిషికి ఒళ్లు మండింది.

"సిగ్గు లేదట్రా? నీకన్నా ఎక్కువ తాగినవాణ్ణి నేను. మానలేదూ?"

"నువ్వు గొప్పవాడివి బావా. నాకు చేతకాదు."

"చేతకాకపోవడమేంటి? మనసులో లేదు, అదీ సంగతి. మగాడివైతే ఈ పూట నుంచి ముట్టుకోకుండా ఉండి చూపించు. అప్పుడు రా ఈ గడప తొక్కడానికి."

బావమరిది ముఖంలో నవ్వు ఆరిపోయింది. వాడి ముఖం నవ్వు లేకుండా ఎలా ఉంటుందో ఆ ఇంట్లో ఎవరూ అంతకుముందు చూడలేదు.

"నిజంగా మనసు ఒక్కటి చాలా బావా? నువ్వు ఇంకేం చేయలేదా?"

అడిగాడు. సూటిగా, అక్క ముందే అడిగాడు. భార్య కూడా చీపురు ఆపి తలెత్తింది. టీచరమ్మ మాట బాయిలర్ మనిషికి గుర్తు రాలేదని కాదు. వచ్చింది. కట్టేసిన చేతులూ గుర్తొచ్చాయి, తడిసిన పక్కబట్టలూ గుర్తొచ్చాయి.

"ఇంకేం చేయలేదు" అన్నాడు.

"సరే" అన్నాడు బావమరిది. తినకుండానే వెళ్లిపోయాడు.

సోమవారం వాడు పనికి రాలేదు. ఒంట్లో బాగాలేదని కబురు పంపాడు. సాయంత్రం అక్క వెళితే తలుపు ఓరగా తీసి, చెమటలు కారుతున్న ముఖంతో, "ముట్టుకోలేదక్కా, ఒట్టు. బావకి చెప్పు. ఇప్పుడు లోపలికి రాకు, ఈ అవతారంలో నన్ను చూడకు" అన్నాడట. ఆమె సంబరంగా ఇంటికొచ్చి చెప్పింది. "ఒళ్లంతా వణుకుతోందండీ. తిండి కూడా సయించడం లేదట. ఏం కాదు కదా?"

అప్పుడైనా లేచి వెళ్లి ఉండాల్సింది. ఆసుపత్రి నాలుగడుగుల దూరం. డాక్టరు ముఖపరిచయం ఉన్నవాడు. బాయిలర్ మనిషి కంచంలో చెయ్యి అలాగే ఉంచి కాసేపు ఆలోచించాడు. వెళ్తే అంతా బయటపడుతుంది. రేపు పని దిగాక ఒంటరిగా వెళ్లి వాడికొక్కడికే చెబుదామనుకున్నాడు.

"మొదట్లో అలాగే ఉంటుంది" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం భార్య గంజి కాచి తీసుకెళ్లింది. ఎంత తట్టినా తలుపు తీయలేదు. పక్కింటివాళ్లు గడియ విరగ్గొట్టారు. మంచానికీ గోడకీ మధ్య పడి ఉన్నాడు. నాలుక తెగి గడ్డం మీద రక్తం ఎండిపోయి ఉంది. గది మూలలో ఒక సీసా ఉంది. మూత కూడా తీయలేదు.

ఆసుపత్రికి మోసుకొచ్చారు గానీ, అప్పటికే అయిపోయింది. బాయిలర్ గదికి ఎవరో వచ్చి చెబితే అతను పరుగున వచ్చాడు. వరండాలో బెంచీ మీద భార్య కూర్చుని ఉంది. పై అంతస్తు డాక్టరు ఆమె ముందు నిలబడి మెల్లగా చెబుతున్నాడు.

"ఏళ్ల తరబడి తాగి ఉన్నట్టుండి ఆపేస్తే ఇలా ఫిట్లు వస్తాయమ్మా. చేర్పించి ఉంటే చాలావరకు ఆపగలిగేవాళ్లం."

"మా ఆయన మానేశాడు కదండీ, ఏమీ కాలేదే? మనసు గట్టి చేసుకుని మానేశాడు."

డాక్టరు అతన్ని గుర్తుపట్టాడు. ఆయనకేం తెలుసు పాపం.

"మీ ఆయనకి కూడా ఇలాగే అయ్యేదమ్మా. ఈ వార్డులోనే ఉంచి మందులిచ్చాం కాబట్టి గట్టెక్కాడు. చేతులు కట్టేయాల్సి వచ్చింది. ఆ మాత్రలు ఇంకా వాడుతున్నాడు కదా?"

భార్య తల తిప్పి అతన్ని చూసింది. అరుస్తుందనుకున్నాడు. కొడుతుందనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు.

"వాడు అడిగాడు" అంది. "నా ఎదురుగానే అడిగాడు. నువ్వు లేదన్నావు."

పెళ్లయినప్పటి నుంచీ అతన్ని 'మీరు' తప్ప 'నువ్వు' అనని మనిషి.

అంత్యక్రియలయ్యాక బంధువులంతా వెళ్లిపోయారు. ఆ సాయంత్రం అతను చెప్పులు వేసుకుంటుంటే భార్య గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడింది. కాళ్లు అతన్ని ఎక్కడికి తీసుకెళ్లబోతున్నాయో అతనికన్నా ముందే ఆమె కనిపెట్టింది.

"నువ్వు తాగకూడదు" అంది. "తాగితే మర్చిపోతావు. అది నేను ఒప్పుకోను. నాకు మర్చిపోయే దారి లేదు, నీకూ ఉండకూడదు. వెళ్లు, ఆ మేడ మీదికే వెళ్లు."

వెళ్లాడు. వారాల తరబడి వెళ్లాడు, ఒక్క మాట మాట్లాడలేదు. టీచరమ్మకి సంగతంతా తెలుసు, ఆసుపత్రి చుట్టుపక్కల అలాంటివి దాగవు. ఆవిడ ఓదార్చలేదు, నిందించలేదు. ఒకరోజు మెట్లు దిగుతూ మాత్రం, "ఆ రోజు వాణ్ణి ఆపేసి విడిగా మాట్లాడాల్సింది. వచ్చేవారం అన్నాను" అంది. రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది.

ఇంట్లో భార్య వండేది, పెట్టేది, అతని బట్టలు ఉతికేది. మాట ఉండేది కాదు. లాండ్రీలో రోలర్ దగ్గరికి వేరే మనిషి వచ్చాడు. ఆవిరి అవసరమైనప్పుడు గోడ మీద రెండుసార్లు కొట్టేవాడు. ఆ చప్పుడు వినగానే బాయిలర్ మనిషి వాల్వు తిప్పేవాడు. అంతకుమించి ఎవరితోనూ పని లేకుండా పోయింది. తాగాలనిపించని రోజు లేదు. తాగలేదు. అందులో గొప్పేమీ లేదని ఇప్పుడతనికి తెలుసు.

వానలు పట్టాక ఒక సాయంత్రం మేడ మీదికి కొత్తతను వచ్చాడు. బట్టల కొట్లో సేల్స్‌మన్నట. మెడలో కొలతల టేపు ఇంకా వేలాడుతూనే ఉంది. కుర్చీలో నిలవలేకపోతున్నాడు. చేతులు తొడల కింద దాచుకున్నాడు.

"నాకు ఈ కబుర్లన్నీ వద్దండి" అన్నాడు. "రేపటి నుంచి మానేస్తున్నాను, అంతే. తేల్చుకుని వచ్చాను. మనసులో పట్టుదల ఉంటే..."

"ఉంటే సరిపోదు" అన్నాడు బాయిలర్ మనిషి.

గదిలో అందరూ అతని వైపు తిరిగారు. అన్ని వారాలుగా ఆ గొంతు విననివాళ్లు. అతను చెప్పడం మొదలుపెట్టాడు. చీమల గురించి చెప్పాడు. మంచానికి కట్టేసిన చేతుల గురించి, పసిపిల్లాడిలా పక్క తడిపిన సంగతి, పనిముట్ల పెట్టెలో దాచిన మాత్రల సంగతి, ఏదీ వదలకుండా చెప్పాడు. చివర్న బావమరిది సంగతి చెప్పాడు. అడిగిన ప్రశ్న, తనిచ్చిన జవాబు, ఉన్నవి ఉన్నట్టు.

"ఇప్పుడే ఆసుపత్రికి పోదాం రండి. నేను తోడొస్తాను" అన్నాడు.

సేల్స్‌మన్ ముఖం పాలిపోయింది. లేచి నిలబడ్డాడు. "కట్టేస్తారా? నన్నా?" అన్నాడు. ఎవరో చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుని మెట్లు దిగిపోయాడు. బాయిలర్ మనిషి వెంటపడ్డాడు. వీధి మలుపు దాకా పరిగెత్తాడు. వానలో గొడుగుల మధ్య ఆ మనిషి ఎటు పోయాడో కనిపించలేదు.

తడిసి ఇల్లు చేరాడు. భార్య కంచం పెట్టి, తువ్వాలు అందించింది. ఎందుకు చెప్పాడో అతనికే తెలియదు, గోడకి చెబుతున్నట్టు జరిగిందంతా చెప్పాడు. ఆమె అటు తిరిగి పొయ్యి తుడుస్తూనే ఉంది. విన్నదో లేదో తెలియలేదు. కాసేపటికి చెయ్యి ఆగింది.

"వెళ్లాడా మరి, ఆసుపత్రికి?"

"తెలియదు."

"తెలియదని ఊరుకుంటావా?" అంది. ఇటు తిరగలేదు. "రేపు పొద్దున్నే వెళ్లి కనుక్కో."

మర్నాడు పనికి ఎక్కేముందు బజారుకి వెళ్లాడు. నిన్న ఆ సేల్స్‌మన్ పేరు అడగలేదు, ఏ కొట్టో అడగలేదు. వీధి పొడుగునా రెండు వైపులా బట్టల కొట్లే. షట్టర్లు అప్పుడప్పుడే లేస్తున్నాయి. మొదటి కొట్టు మెట్లెక్కి, సన్నగా ఉండి, మెడలో టేపు వేసుకునే మనిషి ఎవరైనా ఇక్కడ పనిచేస్తున్నాడా అని అడిగాడు. లేడన్నారు. పక్క కొట్టుకి వెళ్లాడు.